ఉడుత కాపలా కాసిన బుడిపెలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అయిపోయి పత్తి చేలు మొదలయ్యే చోట ఒక జామాయిల్ తోట ఉండేది.

తోట అన్నానని పెద్ద పెద్ద చెట్లు ఊహించుకోకండి. చెట్లను అంతకుముందే కొట్టేసి లారీల మీద తీసుకుపోయారు. మోకాలి ఎత్తు కూడా లేని మొద్దులు మిగిలాయి. కానీ జామాయిల్ ఒకసారి నరికితే చచ్చే చెట్టు కాదు. మొద్దు చుట్టూ పిలకలు లేస్తాయి. ఆ పిలకలే మళ్లీ చెట్లవుతాయి. అందుకే తోటవాళ్లు మొద్దుల్ని పీకకుండా ఉంచారు.

గట్టు మీద మాత్రం ఒక్క వరస పాత చెట్లు నిలబడి ఉన్నాయి. అందులో నడిమి చెట్టు కొమ్మల సందులో చిటికి అనే ఉడుత పీచుతో గూడు కట్టుకుంది. అదే చెట్టు పైకొమ్మకు ఒక తేనెపట్టు వేలాడుతూ ఉండేది. ఆ పట్టులో మైనమ్మ అనే పెద్ద తేనెటీగ ఉండేది. చిటికి దాన్ని పిన్నీ అని పిలిచేది.

చిటికి కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. తింటూ పరిగెత్తేది. పరిగెత్తుతూ మాట్లాడేది. మాట్లాడుతూ లెక్కలు వేసేది. తోటలో ఎన్ని వరసలు, వరసకు ఎన్ని మొద్దులు, మొద్దుకు ఎన్ని పిలకలు, అన్నీ దాని నాలుక చివర ఉండేవి.

"కాసేపు తోక ఆపవే, గాలికి నా రెక్కలు పక్కకు పోతున్నాయి" అనేది మైనమ్మ.

ఎండలు మొదలైన రోజుల్లో ఇద్దరు మనుషులు వచ్చారు. చేతుల్లో రంగు డబ్బా, కుంచె. గట్టు మీద పాత చెట్లన్నిటికీ నడుము చుట్టూ ఎర్ర గీత గీసి వెళ్లిపోయారు.

"పిన్నీ, మన చెట్టుకు వడ్డాణం పెట్టారు చూశావా" అంది చిటికి.

మైనమ్మ నవ్వలేదు.

"అది వడ్డాణం కాదమ్మా. ఆ తోట కొట్టేముందు కూడా ఇలాగే గీశారు. వానలు వెలిశాక గొడ్డళ్లు వస్తాయి."

చిటికి గబగబా చెట్టు దిగింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది.

"అయితే మనం ఎక్కడికి పోవాలి?"

"ఇంకెక్కడికి. పిలకల్లోకే. వానలు వెలిసేలోపు అవి నీ గూటిని, మా పట్టును మోసేంత ఎదగాలి. అంతే."

చిటికి పిలకల వైపు చూసింది. అవి దాని కంటికి పుల్లల్లాగా కనిపించాయి. ఆ రోజు నుంచి దానికి నిలకడ అసలే లేకుండా పోయింది. పొద్దున లేవగానే వరసలన్నీ తిరిగేది. ఒక్కో పిలక పక్కన నిలబడి, తోక నిటారుగా ఎత్తి, నిన్నటి కంటే ఎంత పెరిగిందో కొలిచేది.

ఒకరోజు కొలత తప్పింది. పిలక నిన్న ఎంతుందో ఈరోజూ అంతే ఉంది. పక్కది చూసింది. అదీ అంతే. ఇంకొంచెం దగ్గరగా చూస్తే లేత చిగుళ్లన్నీ వంకర్లు తిరిగి ఉన్నాయి. ఆకు నడిమి ఈనె మీద వరసగా బుడిపెలు. తొడిమ మీద బుడిపెలు. కొన్ని పచ్చగా, కొన్ని గులాబీ రంగులో నున్నగా మెరుస్తున్నాయి.

"ఇవేం కాయలు?" అంది చిటికి.

"కాయలు కావు, ఉయ్యాలలు" అంది ఒక సన్నని గొంతు.

చిగురు కొసన ఒక పురుగు కూర్చుని ఉంది. అది చీమ తలకాయంత కూడా లేదు. నల్లటి ఒళ్లు, ఎండ పడితే నీలంగా మెరుస్తోంది. అది ఒక కందిరీగ.

"నువ్వెవరు?"

"నీలి కందిరీగను. చాలా దూరం నుంచి వచ్చాను. మా ఊళ్లోనూ ఇవే చెట్లు. లేత ఆకు ఈనెలో గుడ్డు పెడతాను. ఆకే దాని చుట్టూ ఉబ్బి ఉయ్యాల కడుతుంది. నా బిడ్డ లోపల హాయిగా తింటూ పెరుగుతుంది. నా తప్పేముంది ఇందులో? నువ్వు నీ పిల్లలకు గూడు కట్టవా?"

"ఎన్ని గుడ్లు పెట్టావు?"

"వంద అనుకో."

"వాటిలో ఆడవి ఎన్ని?"

"అన్నీ ఆడవే. మాకు మగవాటితో పనిలేదు" అని చెప్పి నీలి కందిరీగ పక్క చిగురు మీదికి ఎగిరిపోయింది.

పిల్లలూ, ఇప్పుడు చిటికి వేసిన లెక్క మీరూ వేయండి. ఒకటి వంద పెట్టింది. వందా ఆడవే. ఆ వందా పెరిగి తలా ఒక వంద పెడితే పదివేలు. ఆ పదివేలూ తలా ఒక వంద పెడితే పది లక్షలు. చిటికి పది లక్షల దగ్గర ఆగిపోయింది. తోటలో అన్ని చిగుళ్లు లేవు మరి.

అది ఒక్క ఉరుకున మైనమ్మ దగ్గరికి వెళ్లింది.

"పిన్నీ, మనకు టైం లేదు. ఈ రోజే ఏదో ఒకటి చేయాలి."

"ఏం చేస్తావు?"

"ఏదో ఒకటి."

ముందుగా అది ఎర్రచీమల దగ్గరికి పరిగెత్తింది. అవి ఆకులు కలిపి కుట్టుకుని గూళ్లు కట్టే చీమలు. వాటి పెద్ద పేరు దళవాయి. కోపం ఎక్కువ, ఓపిక తక్కువ.

"దళవాయి మామా, మీ దండుతో పని పడింది. బుడిపె కనిపించిన ప్రతి చిగురూ కొరికి పారేయాలి."

"కొరకడానికి మాకు చెప్పాలా" అంది దళవాయి. మీసాలు దువ్వుకుంది. దండు కదిలింది.

సాయంత్రానికి కొన్ని వరసలు బోడిగుండ్లు అయిపోయాయి. చిటికి సంతోషంగా ఆ కొస నుంచి ఈ కొసకు పరిగెత్తింది. వారం తిరిగేసరికి కొరికిన చోటల్లా కొత్త చిగుళ్లు వచ్చాయి. ఇంతకుముందు ఒక కొస ఉన్న చోట నాలుగు కొసలు. ఎంత లేతగా ఉన్నాయంటే వేలు పెడితే కందిపోతాయి.

నీలి కందిరీగలు గుంపులుగా దిగాయి.

"చాలా థాంక్స్ ఉడుతా" అంది వాటిలో ఒకటి. "ముదురు ఆకు మా సూదికి దిగదు. ఇదిగో, ఇలాంటివి కావాలి మాకు."

చిటికి ముఖం వేలాడేసింది. దళవాయి మీసాలు దించుకుని, "నువ్వు కొరకమన్నంత మేర కొరికాం. చెట్టు మళ్లీ చిగురుస్తుందని ఎవరూ చెప్పలేదు" అని గొణుక్కుంటూ గూటికి పోయింది.

తోట మొత్తంలో ఒకే ఒక మొద్దు పిలకలు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క బుడిపె కూడా లేదు. చిటికి ఆ పిలకల్లో ఒకదాన్ని అడిగింది.

"నీ మందేమిటో చెప్పు. అందరికీ పెడతాను."

"మందేం లేదు" అంది పిలక. "నా ఆకు వాటికి రుచించదు. ఎందుకో నాకూ తెలీదు. పుట్టుకతో అంతే."

"అది ఎవరికీ ఉపయోగం లేని జవాబు" అని చిటికి విసుక్కుని వెళ్లిపోయింది.

మర్నాడు గట్టుకు దూరంగా, చివరి వరసల్లో తిరుగుతుంటే ఒక బుడిపె మీద ఇంకో పురుగు కనిపించింది. అదీ కందిరీగే. అంతే చిన్నది. కానీ ఒంటి మీద కాస్త పసుపు ఉంది. అది తన సూదిని సరిగ్గా బుడిపెలోకి దింపుతోంది.

చిటికి పంజా ఎత్తింది. "దొంగా, ఉన్నవి చాలక నువ్వు కూడానా?"

"ఆగమ్మా, చంపితే చంపుదువుగానీ ముందు నేను చెప్పేది విను" అంది ఆ కందిరీగ. సూది తీయలేదు. తొణకలేదు. "నా పేరు సన్నమ్మ. నేను ఆకులో గుడ్డు పెట్టట్లేదు. ఈ బుడిపెలో నీలి కందిరీగ పిల్ల ఉంది. దాని పక్కన పెడుతున్నాను."

"దానికి తోడుగానా?"

"దానికి తోడుగా కాదు. నా బిడ్డ దాన్ని తింటుంది. తిని, అదే బుడిపెకు కన్నం చేసుకుని బయటికి వస్తుంది. మా జాతి పని అదే. నీలి కందిరీగ ఎక్కడికి పోతే మేము అక్కడికి పోతాం."

చిటికి పంజా దించింది. వెంటనే లెక్క మొదలుపెట్టింది.

"మీరు ఎంతమంది వచ్చారు?"

"ఈ వరసల్లో ఓ పది మందిమి ఉంటాం."

"పదా? అవి లక్షల్లో అవుతాయి. పది ఏం చేస్తాయి?"

"నీ లెక్క ఒక వైపే వేశావు" అంది సన్నమ్మ. "నా గుడ్లూ అన్నీ ఆడవే. పైగా నీలి కందిరీగ బిడ్డ ఒకసారి పెరిగి బయటికి వచ్చేలోపు మా ఇంట్లో మనవరాళ్లు, మునిమనవరాళ్లు కూడా పుడతారు. వానలు పడేదాకా ఆగు. అంతవరకు చిగుళ్లు కొరకకు, కొరికించకు. ఆ తర్వాత వచ్చి లెక్క వేసుకో."

"వానలు పడేదాకానా? వానలు వెలిస్తే గొడ్డళ్లు వస్తాయి. ఆగితే మా ఇల్లు పోతుంది."

"ఆగకపోయినా పోవచ్చు" అంది సన్నమ్మ. సూది తీసుకుని పక్క బుడిపె మీదికి నడిచింది.

చిటికి ఆ మాట మైనమ్మకు చెప్పింది. చెబుతూ చెబుతూ కొమ్మ మీద అటు ఇటు ఇరవై సార్లు తిరిగింది.

"సన్నమ్మ మాట నాకు నచ్చింది" అంది మైనమ్మ. "ఆగుదాం."

"నీకేం పిన్నీ, రెక్కలున్నాయి."

"పట్టు నిండా పిల్లలున్నాయమ్మా. రెక్కలు నాకున్నాయి కానీ పట్టుకు లేవు కదా."

చిటికికి ఆ మాట చెవిన పడలేదు. అప్పటికే కింద కోతులు అరుస్తున్నాయి.

ఆ మూకకు పెద్ద కొమ్మయ్య. మనుషులు ఏం చేస్తే అది చేసి చూపించడం కొమ్మయ్యకు సరదా. పత్తి చేలో రైతు వీపుకు పంపు కట్టుకుని, ఒక చేత్తో పిడి కొడుతూ, ఇంకో చేత్తో మందు చల్లడం అది చాలాసార్లు చూసింది. చల్లిన మర్నాడు పత్తి మీద పురుగులు రాలిపోవడం కూడా చూసింది.

"ఏమే చిటికీ, పురుగులతో కుస్తీ పడుతున్నావంట" అంది కొమ్మయ్య. "మమ్మల్ని అడిగితే ఒక్క పూటలో తేల్చేస్తాం కదా. రేపు పొద్దున రైతు చద్దికి కూర్చుంటాడు. పంపు గట్టు మీద ఉంటుంది. నిండా మందు. నువ్వు ఊఁ అంటే చాలు."

"ఒక్క పూటలోనా?" అంది చిటికి. దాని కళ్లు మెరిశాయి.

మైనమ్మ కిందికి దిగి వచ్చింది.

"కొమ్మయ్యా, పొద్దున వద్దు. పొద్దున మా వాళ్లంతా వరసల మధ్య తుమ్మి పూల మీద ఉంటారు. ఆ పంపులో ఉన్నది మమ్మల్నీ చంపుతుంది. సన్నమ్మనూ చంపుతుంది. అసలు చల్లొద్దనే నా మాట. తప్పదంటారా, కనీసం పొద్దు వాలాక, మేము ఇల్లు చేరాక చల్లండి."

"పొద్దు వాలితే రైతు పంపు ఇంటికి పట్టుకుపోతాడు తల్లీ" అంది కొమ్మయ్య.

అన్నీ చిటికి వైపు చూశాయి. ఆ తోటలో చిగురు చిగురూ తెలిసింది దానికే. అది వద్దంటే కోతులు వెళ్లిపోయేవి. కోతులకు వేరే సరదాలు బోలెడు ఉంటాయి.

చిటికి పాత చెట్టు మీది ఎర్ర గీతను చూసింది. పది లక్షలు గుర్తుకు వచ్చాయి. తోక ఆగలేదు, కాళ్లు ఆగలేదు.

"పిన్నీ, రేపు ఒక్క పూట మీ వాళ్లను ఇంట్లో ఉండమను" అంది.

"పట్టులో నోళ్లు ఎన్నో నీకు తెలుసు. మేత లేకుండా ఒక పూట ఎలా గడుపుతాం?"

"ఒక్క పూటే కదా పిన్నీ" అంది చిటికి. కొమ్మయ్య వైపు తిరిగి, "ఊఁ" అంది.

మర్నాడు పొద్దున్నే కొమ్మయ్య పంపు ఎత్తుకొచ్చింది. వీపుకు కట్టుకుంటే పట్టీలు పొడుగై పంపు కాళ్ల దగ్గర వేలాడింది. ఒక కోతి పిడి కొట్టింది. ఇంకొకటి గొట్టం పట్టుకుంది. మిగతావి ముందు నడుస్తూ దారి చూపించాయి. తెల్లటి పొగలాగా మందు లేచింది. పిలకల మీద పడింది. మొద్దుల మీద పడింది. గాలి తిరిగి, వరసల మధ్య తెల్లగా విరబూసిన తుమ్మి పూల మీద కూడా పడింది.

గొట్టం పట్టుకున్న కోతి కళ్లు మండి అరుస్తూ అడవిలోకి పారిపోయింది. పిడి కొట్టే కోతికి దగ్గు వచ్చింది. చివరి మూడు వరసలు మిగిలి ఉండగానే పంపు ఖాళీ అయింది. కొమ్మయ్య దాన్ని అక్కడే పడేసి వెళ్లిపోయింది.

కాసేపు తోట అంతా నిశ్శబ్దం. మామూలుగా ఆ వేళకు తుమ్మి పూల మీద ఝుంకారం వినిపించాలి. వినిపించలేదు.

చిటికి మందు ఆరేదాకా గట్టు మీద అటు ఇటు తిరిగింది. తర్వాత వరసల్లోకి దిగింది. తుమ్మి మొక్కల కింద తేనెటీగలు వెల్లకిలా పడి ఉన్నాయి. కొన్నింటి కాళ్లకు పుప్పొడి ముద్దలు ఇంకా అంటుకునే ఉన్నాయి. మేత ఆపలేక వచ్చినవి అవి. లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో ఆపేసింది. చిటికి లెక్క మధ్యలో వదిలేయడం అదే మొదటిసారి.

ఒక ఆకు మీద పసుపు ఒళ్లు ఉన్న చిన్న కందిరీగ ఒకటి ముడుచుకుని పడి ఉంది. సూది బయటికే ఉంది.

"సన్నమ్మా" అని పిలిచింది చిటికి. అది కదల్లేదు.

ఆ ఆకు పక్కనే మైనమ్మ నేల మీద పాకుతోంది. రెక్కలు వణుకుతున్నాయి కానీ పైకి లేవడం లేదు.

"పిన్నీ, నువ్వెందుకు వచ్చావు?"

"చిన్నవాళ్లు వచ్చేశారు. వెనక్కి పిలుద్దామని వచ్చాను" అంది మైనమ్మ.

చిటికి దాన్ని మెల్లగా నోట కరుచుకుని, మందు పడని చివరి వరసల్లోకి తీసుకెళ్లి ఒక పిలక మీద దించింది. క్షమించమని అడగబోయింది.

"బుడిపెలు చూశావా?" అని మైనమ్మే అడిగింది.

చిటికి మందు పడిన పిలక నుంచి రెండు బుడిపెలు తెంపి తెచ్చింది. ఒకదాన్ని పళ్లతో చీల్చింది. లోపల చిన్న గది. గదిలో కాళ్లు లేని తెల్లటి పిల్ల. అది ఒళ్లు విరుచుకుంది. బతికే ఉంది.

"చావలేదు" అంది చిటికి. "ఇంత చేస్తే ఇది చావలేదు."

"తలుపు మూసిన ఇల్లమ్మా అది. మందు బయటే ఉండిపోయింది. బయట ఉన్నవాళ్లమే చచ్చాం."

చిటికి ఇంకో బుడిపె చీల్చింది. దాంట్లోనూ తెల్ల పిల్ల ఉంది. కానీ అది కదలడం లేదు. సగం ఎండిపోయింది. దాన్ని ఆనుకుని ఇంకో చిన్న పిల్ల ఉంది. అది కదులుతోంది. తింటోంది.

చిటికి దాన్ని మైనమ్మకు చూపించింది.

"పిన్నీ, సన్నమ్మ బిడ్డ. ఇదీ బతికే ఉంది."

"అదే తలుపు కదా దీనికీ" అంది మైనమ్మ.

ఇంతలో కొమ్మయ్య మూక తిరిగి వచ్చింది. ఈసారి చేతుల్లో పంపు లేదు.

"మందు పని చేయలేదన్నమాట" అంది కొమ్మయ్య, చీల్చిన బుడిపెలు చూసి, తప్పంతా మందుదే అన్నట్టు. "దానికేం. పీకి పారేద్దాం. బుడిపె ఉన్న ప్రతి కొమ్మా విరిచి, కుప్ప పోసి, రైతు చెత్త తగలబెట్టే మంటలో పడేస్తాం. ఈ చివరి వరసల నుంచి మొదలుపెడతాం. తప్పుకో చిటికీ."

చిటికి కాళ్లు తప్పుకోవడానికి సిద్ధంగానే ఉన్నాయి. దాని కాళ్లు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. ఏదో ఒకటి చేస్తున్నారంటే చాలు, దాని మనసు అటే లాగుతుంది. కానీ ఈసారి అది కదల్లేదు. పిలక మొదట్లో రెండు కాళ్ల మీద నిలబడింది.

"వద్దు. ఈ బుడిపెల్లో మన వాళ్లూ ఉన్నారు."

"ఏ బుడిపెలో మన వాళ్లు, ఏ బుడిపెలో పగవాళ్లు?"

"పై నుంచి చూస్తే తెలీదు."

"మరి?"

"బయటికి వచ్చేదాకా కూర్చుంటాను."

కోతులన్నీ పగలబడి నవ్వాయి. "ఉడుత కూర్చుంటుందంట. ఒరే, చెట్టు నడుస్తుంది, చూద్దాం పదండి" అంది ఒక పిల్లకోతి.

"నవ్వుకోండి" అంది చిటికి. "మీరు ఒక్క కొమ్మ విరిస్తే మీ అందరి చెవులూ కొరుకుతాను. దళవాయి మామనూ పిలుస్తాను. ఆయనకు కోపం ఇంకా తగ్గలేదు."

ఎర్రచీమల పేరు వినగానే కోతులు ఒంటి మీద చేతులు రుద్దుకున్నాయి. కాసేపు వెక్కిరించి, విసుగు పుట్టి, వెళ్లిపోయాయి.

చిటికి కూర్చుంది. మైనమ్మ దాని పక్కనే ఆకు మీద ఉంది. చిటికి దానికి రోజూ తుమ్మి పువ్వు తెంపి తెచ్చి పెట్టేది. మందు పడని చోట నుంచి వెతికి తెచ్చేది. మిగతా సమయమంతా కూర్చునేది. ఒక కాలు ఆపితే ఇంకో కాలు కదిలేది. తోకను కింద వేసుకుని దాని మీద కూర్చునేది. పరుగు కంటే ఆ కూర్చోవడమే దానికి ఎక్కువ అలసటగా ఉండేది.

ఒక మధ్యాహ్నం మైనమ్మ తన మీసాలను ఒక బుడిపెకు ఆనించింది.

"లోపల ఎవరో కొరుకుతున్నారు" అంది.

"ఎవరు?"

"కొరుకుడు ఒక్కటే తెలుస్తోంది. ఎవరో తెలీదు."

బుడిపె మీద సూది మొనంత కన్నం పడింది. కన్నంలోంచి తల వచ్చింది. నల్లటి తల. ఎండ పడగానే నీలంగా మెరిసింది. నీలి కందిరీగ రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది.

చిటికి పంజా పైకి లేచింది.

"ఒక బుడిపె అయింది" అంది మైనమ్మ. "కొమ్మంతా అయిపోలేదు."

చిటికి పంజా దించింది.

రెండో బుడిపెకు కన్నం పడింది. మళ్లీ నలుపు. మళ్లీ నీలం. చిటికి ఒళ్లంతా ఎగిరెగిరి పడింది. ఈ కొమ్మను విరిచేస్తే, ఇప్పుడే విరిచేస్తే, మిగిలిన ఇవన్నీ బయటికి రాకుండా ఆపొచ్చు. పళ్లు కొమ్మ మీద పెట్టింది కూడా. జామాయిల్ చేదు నాలుకకు తగిలింది. మెల్లగా పళ్లు తీసేసింది.

మూడో బుడిపెకు కన్నం పడింది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక మీసం వచ్చింది. తల వచ్చింది. ఒళ్లు వచ్చింది. ఆ ఒంటి మీద కాస్త పసుపు.

"పిన్నీ" అంది చిటికి, ఊపిరి తగిలి అది ఎగిరిపోతుందేమోనని భయపడుతూ.

"చూశాను" అంది మైనమ్మ.

పసుపు కందిరీగ ముఖం తుడుచుకుంది. చిటికిని చూసి, "ఇక్కడ మా అమ్మ ఉండాలి" అంది.

చిటికి తల దించుకుంది. "ఉండేది. నా తొందర వల్ల పోయింది."

ఆ చిన్న కందిరీగ రెక్కలు ఆరబెట్టుకుంది. తర్వాత, "బుడిపెలు ఎక్కడ ఎక్కువ ఉన్నాయో చూపించు" అంది.

చిటికి ఆ వరసలో దారి చూపిస్తూ ముందు నడిచింది. జీవితంలో మొదటిసారి నడిచింది, పరిగెత్తలేదు. వెనక్కి వచ్చేసరికి మైనమ్మ ఆకు మీద అలాగే ఉంది. మీసాలు బుడిపెకు ఆనించే ఉన్నాయి. కానీ ఇక కదలడం లేదు.

ఆ సాయంత్రం చిటికి ఆ పిలక మొదట్లో చిన్న గుంట తవ్వింది.

తొలకరి పడింది. చివరి మూడు వరసల్లో ఒకటి పోయి పది, పది పోయి వందలు, పసుపు కందిరీగలు పెరిగాయి. సన్నమ్మ చెప్పిన లెక్కే. నీలి కందిరీగలు అసలు లేకుండా పోలేదు. కానీ చిగురుకు పది బుడిపెలు ఉన్న చోట ఒకటీ రెండూ కనిపించేవి. వంకర పోయిన కొసలు తిన్నగా లేచాయి. వర్షాలు ముదిరేసరికి ఆ మూడు వరసలు మనిషిని దాటి, ఇద్దరు మనుషుల ఎత్తు దాటి పోయాయి.

మందు పడిన వరసలు మాత్రం నడుము ఎత్తులోనే గిడసబారి ఉండిపోయాయి. అక్కడ సన్నమ్మ తోటివాళ్లు కొద్దిమందే గుడ్లు పెట్టారు. ఉన్న కొద్దిమందీ ఆ పూట పోయారు. చివరి వరసల నుంచి పసుపు కందిరీగలు ఒక్కో వరసా దాటుకుంటూ అటు రావాలి. దానికి ఇంకో ఏడాది పడుతుంది. చిటికి ఎన్నిసార్లు లెక్క వేసినా ఆ ఏడాది తగ్గలేదు.

వానలు వెలిశాయి. గొడ్డళ్లు వచ్చాయి.

పాత వరస ఒక్కో చెట్టూ కూలుతుంటే చిటికి తన గూటి పీచును నోట కరుచుకుని చివరి వరసకు మోసింది. తేనెటీగలు ముందు రోజే పట్టు వదిలి గుంపుగా లేచాయి. అంతకుముందు ఆ గుంపు లేస్తే కొమ్మంత నీడ పడేది. ఇప్పుడు పడిన నీడ చిటికి రెండు పంజాలతో కప్పేంతే ఉంది. అవి చివరి వరసలో, మైనమ్మ కూర్చున్న పిలక పైకొమ్మకే వేలాడాయి. సన్న కొమ్మ. బరువుకు కిందికి వంగింది. విరగలేదు.

చెట్లు కొట్టే గుంపులో ఒక మేస్త్రమ్మ ఉంది. పేరు పైడితల్లి. కొన్నాళ్లకు పని అంతా అయ్యాక ఆమె తోటంతా తిరిగి చూసింది. ఒక్క బుడిపె లేని ఆ ఒంటరి మొద్దు దగ్గర ఆగి, "వీటి కొమ్మలు నాలుగు కోసి నర్సరీకి ఇవ్వండి. చచ్చిన మొద్దుల చోట ఈ రకమే నాటుదాం" అంది. తర్వాత చివరి వరసల దగ్గరికి వచ్చింది. అటు పొట్టి పిలకలను, ఇటు పొడుగు పిలకలను మార్చి మార్చి చూసింది.

"ఇదేం చిత్రం. ఒకే తోట, ఒకే వాన" అంది. "ఇటువైపు ఎవరూ ఏం చేసినట్టు లేరే."

కొమ్మ మీద చిటికి ఆ మాట విన్నది. దానికి ఎంతో చెప్పాలనిపించింది. గబగబా తోక లేపింది. పైన కొత్త పట్టులో పిల్లలు పడుకున్న వేళ అని గుర్తుకొచ్చి, తోక మెల్లగా దించి, కదలకుండా కూర్చుంది.

నీతి: భయంతో వేసే లెక్కలో పగవాళ్లే కనిపిస్తారు, సాయం చేసేవాళ్లు కనిపించరు. ఏదో ఒకటి చేసేయాలని చేయి లేచినప్పుడు, అది ఎవరి మీద పడుతుందో ముందు చూసుకోవాలి.